పన్నెండో కాగితం

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కు "పాపం" అనే మాటంటే ఒళ్లు మంట. పదిహేడేళ్లుగా ఎత్తయిన మేడలెన్నింటినో ఎక్కి దిగినవాడు, మామూలుగా ఎవరేమన్నా పట్టించుకునే రకం కాదు. ఆలస్యమైందని తిట్టినా నవ్వి ఊరుకుంటాడు. కానీ పొద్దున్నే కూతుర్ని బడిలో దింపి, అదే స్కూటరు మీద పనిముట్ల సంచితో వచ్చిన అతన్ని చూసి ఎవరైనా "పాపం, ఇంటిపనీ బయటిపనీ ఆయనే చూసుకోవాలి" అన్నారంటే మాత్రం ఆ పూటంతా మొహం గంటు పెట్టుకునే ఉంటాడు. తనకేం తక్కువైందని ఆ జాలి? బంగారం లాంటి కూతురుంది. తొమ్మిదేళ్లకే ఇంట్లో చిందరవందరగా పడున్న కరెంటు బిల్లుల్నీ, వారంటీ కాగితాల్నీ నెలలవారీగా సర్ది పెట్టే పిల్ల. అందుకే దాన్ని "గుమాస్తా" అని పిలుస్తాడు. ఆ పేరు మెల్లగా బడిదాకా పాకింది.

భార్య విడిపోయి నాలుగేళ్లయింది. కొట్లాటలేమీ లేవు. ఇద్దరికీ పొసగలేదు, అంతే. ఆవిడకు వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది, తర్వాత వేరే ఇల్లూ ఏర్పడింది. పాప తండ్రి దగ్గరే ఉంటే మంచిదని కోర్టులో ఆవిడే చెప్పింది. ఆ రోజు జడ్జిగారు కళ్లద్దాల మీదుగా అతన్ని చూసి, పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేవాడివి, ఆడపిల్లను ఎలా పెంచుతావయ్యా అని అడిగారు. అతను ఒక్కటే మాట అన్నాడు.

"నేర్చుకుంటానండి."

నేర్చుకున్నాడు. మొదటి ఏడాది కూరలు మాడాయి. ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికితే బడి చొక్కాలు గులాబీరంగుకు తిరిగాయి. తలలో పేలు పడితే రెండు ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చుని, బేరింగులోంచి ఇసుక ఏరినంత ఓపికగా ఏరాడు. మూడో ఏడాదికి చెయ్యి తిరిగింది. కూరలు మాత్రం ఇప్పటికీ అంతంతమాత్రమే.

అలాంటి రోజుల్లో ఒకనాడు కంపెనీ మేనేజరు అతన్ని గదిలోకి పిలిచాడు. కొత్త రకం లిఫ్టులు రాబోతున్నాయని, వాటి పని నేర్పడానికి విదేశంలో మూడు వారాల శిక్షణ ఉందని, ఇక్కణ్ణించి ఒక ఇంజనీరునూ, చేత్తో పని చేసే ఒక మెకానిక్‌నూ పంపాలనుకుంటున్నారని చెప్పాడు. డిగ్రీ లేనివాణ్ణి విదేశం పంపడం ఆ కంపెనీ పుట్టాక అదే మొదటిసారి. ఏ మెకానిక్‌ను పంపాలని ఇంజనీర్లను అడిగితే అందరూ ఇతని పేరే చెప్పారట. మెకానిక్ గుండె ఒక్కసారి ఉప్పొంగింది. మరుక్షణం చప్పున చల్లారింది. మూడు వారాలు పాప ఎక్కడుంటుంది?

సాయంత్రం ఆ మాట వినగానే అక్క, అందులో ఆలోచించడానికేముందిరా, నా దగ్గర వదిలెళ్లు, నా ఇద్దరితో పాటే అదీ అంది. అక్క మంచిదే. కానీ పోయినేడు అతను పని మీద రెండు రోజులు పొరుగూరు వెళ్లినప్పుడు, పాప అత్తయ్య ఇంట్లో మంచం మీద పడుకోనని మొరాయించి వీధి గుమ్మం పక్కనే చాప వేయించుకుంది. ఏడవలేదు, అల్లరి చెయ్యలేదు. సూట్‌కేసు పట్టుకుని వెళ్లినవాళ్లు తిరిగొస్తారో రారోనని ఆ పిల్ల మనసులో ఏదో లెక్క ఉంది. అతను తిరిగొచ్చేసరికి నూట రెండు జ్వరం.

"అయితే మానేస్తావా?" అంది అక్క.

"మానను. దాన్నీ తీసుకెళ్తా."

"పిల్లను చంకనేసుకుని ఉద్యోగానికి పోతారట్రా ఎవరైనా?"

"ఆడవాళ్లు పోవట్లేదా అక్కా?"

అక్క నోరు తెరిచి బుగ్గన వేలు పెట్టుకుంది. మర్నాడు మేనేజరు కూడా అక్క లాగే నోరు తెరిచాడు. ఇలాంటిది ఎప్పుడూ లేదన్నాడు. అయితే ఇంకొకరిని పంపండి సార్ అని చెప్పి, మెకానిక్ లేచి వచ్చేశాడు. వచ్చాడే గానీ ఆ రోజు మూడుసార్లు ఒకే స్క్రూను బిగించి విప్పి మళ్లీ బిగించాడు. నాలుగు రోజులకు మేనేజరే పిలిచి, ఆ శిక్షణ కేంద్రంలో పనివాళ్ల పిల్లల కోసం ఒక గది ఉందట, చూసుకోవడానికి మనిషి కూడా ఉందట, పాప టికెట్టు మీరు పెట్టుకుంటే వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదట అన్నాడు. అక్క ఇంకా ఏదో సణగబోతే, కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా అని నోరు మూయించాడు.

కోర్టు కేసు చూసిన వకీలమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. తీర్పు చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉండకు, ఇల్లలకగానే పండగ కాదు అంది. పాప సంరక్షణ పూర్తిగా తండ్రిదే అని తీర్పులో ఉన్నమాట నిజమే. కానీ తొమ్మిదో పేరాలో ఇంకో ముక్క ఉంది: పాపను దేశం దాటించాలంటే ముప్పై రోజుల ముందు తల్లికి రాతపూర్వకంగా తెలపాలి. ఆవిడ వద్దంటే మళ్లీ కోర్టుకు రావాలి. ఏమీ అనకపోతే వెళ్లొచ్చు.

"పైగా నువ్వు మగాడివి, వెంట ఆడపిల్ల. నిన్ను ఇద్దరు ముగ్గురు ఎక్కువే అడుగుతారు. కోపం తెచ్చుకోకు. వాళ్లు నిన్ను అవమానించడానికి అడగరు, పిల్ల కోసం అడుగుతారు. అది గుర్తుపెట్టుకో" అంది.

కాగితాల పని గుమాస్తాకే అప్పగించాడు. తీర్పుకు కోర్టు ముద్ర ఉన్న నకలు, అక్కడి భాషలోకి చేయించిన అనువాదం, పుట్టిన తేదీ పత్రం, బడి వాళ్లు ఇచ్చిన సెలవు ఉత్తరం, కంపెనీ ఉత్తరం, శిక్షణ కేంద్రం ఉత్తరం, టికెట్లు, బస చేసే చోటు చిరునామా, బీమా, వీసా పడ్డ ఇద్దరి పాస్‌పోర్టులు. ఒక్కొక్కదాని మూల పెన్సిలుతో అంకె వేసి, పదకొండు కాగితాలనూ నీలం ఫైల్లో వరసగా పెట్టింది. ఏ అంకె దగ్గర ఏముందో కళ్లు మూసుకుని చెప్పేది. వచ్చినవాళ్లందరికీ చెప్పి చూపించేది కూడా.

పన్నెండో కాగితం సంగతి ఆ పిల్లకు తెలియదు. అది తల్లికి పంపిన రిజిస్టరు ఉత్తరం తాలూకు రసీదు కార్డు. ఉత్తరం అందుకున్నట్టు సంతకం చేసి, తారీఖు వేసి, ఆరు రోజుల్లో తిరిగొచ్చింది. సంతకం ఆవిడదే. ఇవాళో రేపో ఫోను వస్తుందని మెకానిక్ ఎదురుచూశాడు. వద్దంటుందని కాదు. పాపతో ఒక మాట మాట్లాడుతుందని, జాగ్రత్తగా వెళ్లిరమ్మంటుందని. నెల గడిచింది. ఫోను రాలేదు. మీ అమ్మకు తెలుసు, అయినా మాట్లాడలేదు అని పిల్లతో ఏ నోటితో చెప్తాడు? ఆ కార్డును మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే అక్క కుటుంబమంతా విమానాశ్రయం గుమ్మందాకా వచ్చి సాగనంపింది. కంపెనీ తరఫున వస్తున్న ఇంజనీరు, అందరూ కళ్లజోడు ఇంజనీరు అనే ఆయన, అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. పాస్‌పోర్టులు చూసే వరసలో అరగంట నిలబడ్డాక వీళ్ల వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్న యువకుడు ముందు పాస్‌పోర్టును, తర్వాత పాపను, ఆ తర్వాత మెకానిక్‌ను చూశాడు.

"ఈ పాప మీకేమవుతుంది?"

"కూతురండి."

"వాళ్లమ్మ?"

"లేదు." అనేసి నాలుక్కరుచుకున్నాడు. "అంటే ఉంది. మాతో లేదు."

వెనక వరసలో ఎవరో గొంతు తగ్గించి పాపం అన్నారు. మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. యువకుడు తల్లి అనుమతి పత్రం అడిగాడు. మెకానిక్ తీర్పు తీసి చూపించాడు. యువకుడు నాలుగు పేజీలు తిప్పి, నేను తేల్చేది కాదు, పక్కగదిలో మేడమ్ ఉన్నారు, అక్కడికి వెళ్లండి అన్నాడు. అందరి మధ్యలోంచి, దొంగను నడిపించినట్టు, ఒక కానిస్టేబులు వాళ్లను పక్కగదిలోకి తీసుకెళ్లాడు. మెకానిక్ నడుం నిటారుగా పెట్టి నడిచాడు. పాప నీలం ఫైలు గుండెకు హత్తుకుని, తండ్రికంటే నిటారుగా నడిచింది.

గదిలో యాభై ఏళ్ల ఆవిడ ఉంది. జుట్టు సగం నెరిసింది, కళ్లద్దాలకు దారం. పాపను అద్దాల తలుపు అవతల బల్ల మీద కూర్చోబెట్టించి, ఫైలు తీసుకుని, ముందు మెకానిక్‌తో మాట్లాడింది. తీర్పు చదివింది. తర్వాత ఫైలు మూసేసి, దాని మీద మోచేతులు ఆనించి, కాగితాల్లో లేనివి అడగడం మొదలుపెట్టింది.

పాప బడిలో ఎక్కడ కూర్చుంటుంది అంది. రెండో బల్ల, కిటికీ వైపు అన్నాడు. పక్కనెవరు అంది. పక్కన కూర్చునే పిల్లతో పదిరోజులుగా మాటల్లేవు మేడమ్, రబ్బరు దగ్గర గొడవ, ఆ పిల్లే ఇచ్చెయ్యాలి గానీ ఈ పిల్లా తక్కువది కాదు అన్నాడు. ఒంటికి పడని మందులేమైనా ఉన్నాయా అంది. ఎర్ర దగ్గుమందు పడదు, మెడ మీద దద్దుర్లు లేస్తాయి, పసుప్పచ్చది పడుతుంది అన్నాడు. చెప్పుల సైజు అడిగింది.

"ఏ కాలికి మేడమ్?"

ఆవిడ తలెత్తి చూసింది.

"కుడికాలు అర సైజు పెద్దది. కుడికాలికి సరిపోయేవే కొని ఎడమదాంట్లో కొంచెం దూది పెడతాను. బూట్లయితేనే. చెప్పులకు అక్కర్లేదు."

అడిగినదానికి ఒకటి, అడగనిదానికి రెండు చెప్తున్నాడు. ఏ పన్ను ఎప్పుడూడిందో, ఏ కల వస్తే లేచి కూర్చుంటుందో కూడా చెప్పబోయాడు. అవమానంగా మొదలైంది కాస్తా అతనికి తెలియకుండానే పరీక్షలా మారింది, అందులోనూ చదివిన ప్రశ్నలే వచ్చిన పరీక్ష. నాలుగేళ్లలో ఎవరూ తనను ఇవేవీ అడగలేదు. అడిగితే తనకు ఇన్ని తెలుసని అతనికీ ఇప్పుడే తెలిసింది. కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు కూడా.

ఆవిడ లేచి అవతలికి వెళ్లి, పాప పక్కన కూర్చుంది. అద్దంలోంచి పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినిపించదు. పాప వేళ్లు మడిచి ఏదో లెక్క చెప్తోంది. కాగితాల సంగతే అయ్యుంటుంది. మెకానిక్ నవ్వుకున్నాడు. కానీ తిరిగొచ్చిన ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"మీ అమ్మాయి తెలివైంది. అన్నీ చెప్పింది. వాళ్లమ్మకు ఈ ప్రయాణం సంగతి తెలీదంటోంది."



"తొమ్మిదో పేరా నేను చదివాను. తెలపాలని ఉంది. తెలపకపోతే నేను పంపలేను. రేపు ఆవిడ వచ్చి నా బిడ్డేది అంటే జవాబు చెప్పాల్సింది నేను."

అతను లోపలి జేబులోకి చెయ్యి పెట్టాడు. కార్డు వేళ్లకు తగిలింది. తీయలేదు. అద్దం అవతల పాప ఇటే చూస్తోంది. ఫైల్లో ఉన్న ప్రతి కాగితాన్నీ దూరం నుంచే గుర్తుపట్టగల పిల్ల, కొత్త కాగితం కనబడితే ఊరుకుంటుందా?

"మేడమ్, మీరు కాస్త ఇటు తిరిగి కూర్చుంటారా? పాపకు కనబడకుండా."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. అయినా కుర్చీ తిప్పుకుంది. అతను కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ సంతకం చూసింది, తీర్పుకు జతచేసిన అంగీకార పత్రంలోని సంతకంతో పోల్చింది, తారీఖు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు రోజులు.

"ఉంది కదా. పాపకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను మేడమ్? మీ అమ్మకు తెలుసు, నెల్రోజుల్లో ఒక్క ఫోనైనా చెయ్యలేదని చెప్పనా? వాళ్లమ్మకు తెలీదనుకుంటే తప్పు నాదవుతుంది. పర్లేదు, నేను పడతాను."

ఆవిడ కార్డు మడిచి అతనికి తిరిగిచ్చింది. తర్వాత ఆ తల్లి నంబరు అడిగి తీసుకుని, గదిలోంచి బయటికి వెళ్లింది. విమానానికి ఇంకా గంటన్నర ఉంది. మెకానిక్ గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆవిడ పది నిమిషాల్లో వచ్చి, రెండు పాస్‌పోర్టుల మీదా తనే ముద్ర వేసింది.

"మాట్లాడాను. ఆవిడకు అభ్యంతరమేం లేదు. ఇంకో మాట కూడా చెప్పమన్నారు. విమానం దిగేటప్పుడు పాపకు చెవులు బాగా నొప్పెడతాయట. చిన్నప్పుడు ఒకసారి తీసుకెళ్తే గుక్క తిప్పుకోకుండా ఏడ్చిందట. ఏదైనా నమలడానికి ఇమ్మన్నారు."

మెకానిక్ తలూపాడు. ఆ ప్రయాణం అతనికి తెలుసు, తను వెళ్లలేదు. పాపకు రెండేళ్లప్పుడు పుట్టింటివాళ్లతో పాప తల్లే తీసుకెళ్లింది. ఇంతసేపు పాప గురించి తనకు తెలియనిది లేదని గొప్పగా కూర్చున్నాడు, ఇదిగో ఈ ఒక్కటీ తెలియదు. చిన్నగా ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ వెంటనే, ఎందుకో, మనసు తేలికపడింది. ఆవిడ మర్చిపోలేదన్నమాట.

బయటికి వస్తుంటే ఆ ఆఫీసరమ్మ పాపతో, మీ నాన్న చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పారమ్మా, నీ కాగితాలు కూడా సరిగ్గా ఉన్నాయి, వెళ్లిరా అంది. అతనితో మాత్రం ఒకే మాట అంది.

"నా ఉద్యోగంలో చాలామంది తండ్రులను అడిగాను. చెప్పుల సైజు దగ్గర అందరూ ఆగిపోతారు."

అతను దణ్ణం పెట్టి వచ్చేశాడు. విమానం ఎక్కేముందు దుకాణంలో నమిలే మిఠాయి రెండు పొట్లాలు కొన్నాడు.

విమానం పైకి లేచి, కింద ఇళ్లు అగ్గిపెట్టెలైపోయి, మబ్బులు కమ్మేదాకా పాప బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అమ్మకు చెప్పావా నాన్నా?"

అబద్ధం చెప్పడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు, నాలుక చివరే ఉంది. కానీ ఈ పిల్ల ఇందాక ఆఫీసరు ముందు భయపడకుండా తనకు తెలిసిన నిజం చెప్పింది. దానివల్ల ప్రయాణం ఆగిపోయేది, అయినా చెప్పింది. అలాంటి పిల్లకు తనెలా అబద్ధం చెప్తాడు?

"చెప్పానమ్మా. ఉత్తరం రాశాను. అందినట్టు సంతకం పెట్టి పంపింది."

"ఏమీ అనలేదా?"

"నెల్రోజులు ఏమీ అనలేదు. ఇవాళ ఆ మేడమ్ ఫోను చేస్తే, దిగేటప్పుడు నీకు చెవులు నొప్పెడతాయని, ఏదైనా నమలమని చెప్పింది."

పాప చాలాసేపు ఆలోచించింది. మధ్యలో ముక్కు ఎగబీల్చింది. 

"వద్దని కూడా అనలేదుగా" అంది చివరికి. తర్వాత చెయ్యి చాపింది. "ఆ కార్డు ఇటివ్వు. ఫైల్లో లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇబ్బంది పడతాం."

బ్యాగులోంచి పెన్సిలు తీసి, కార్డు మూల పన్నెండు అని వేసింది. తల్లి సంతకం మీద ఒకసారి వేలితో రుద్దింది, ఆరిపోయిన సిరా అంటుకుంటుందేమో చూసినట్టు. ఫైల్లో పెట్టి మూసేసింది. విమానం దిగుతున్నప్పుడు చెవులు నొప్పెట్టాయి. మిఠాయి నములుతూ, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, అమ్మ చెప్పింది నిజమే అంది.

అక్కడి పాస్‌పోర్టు కౌంటర్లో మెకానిక్‌కు మాట్లాడే పని పడలేదు. ఆ దేశపు అధికారి ఏది అడిగితే దానికి గుమాస్తా అంకె చూసి కాగితం తీసిచ్చింది, బడిలో నేర్చిన ఇంగ్లీషులో పొడిపొడిగా జవాబు చెప్పింది. పన్నెండు అడిగినప్పుడు కూడా తడుముకోలేదు. వెనక నిలబడ్డ కళ్లజోడు ఇంజనీరు, ఈ పిల్లను మన ఆఫీసులో పెట్టుకుంటే సగం ఫైళ్లు కదులుతాయి అన్నాడు.

శిక్షణ మొదటి వారం మెకానిక్‌కు చుక్కలు కనిపించాయి. కొత్త లిఫ్టుల్లో సగం పని కంప్యూటరుతోనే. నాలుగు దేశాల నుంచి వచ్చిన పద్నాలుగు మంది టకటకా మీటలు నొక్కుతుంటే అతని వేళ్లు మాత్రం మంచులో నడిచినట్టు నడిచేవి. పైగా నాలుగువందల పేజీల పుస్తకం, అంతా ఇంగ్లీషు. సాయంత్రం బసకు వచ్చాక, బ్రెడ్డు కాల్చుకుని తిని, తండ్రీకూతుళ్లు ఆ పుస్తకం ముందేసుకునేవాళ్లు. పాప ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పేది. ఆ అర్థంలో ఏ భాగం గురించి చెప్తున్నారో అతను బొమ్మ గీసి చూపించేవాడు. ఆ పిల్లకు భాష తెలుసు, యంత్రం తెలియదు. అతనికి యంత్రం తెలుసు, భాష తెలియదు. గైడ్ షూ అన్న మాట రాగానే పాప, లిఫ్టుకు బూట్లు కూడా ఉంటాయా నాన్నా అని పడీపడీ నవ్వింది. ఉంటాయమ్మా, పట్టాల మీద జారడానికి, అవీ నీ బూట్లలాగే ఒకవైపే ఎక్కువ అరుగుతాయి అన్నాడు. ఇలా రోజుకు ఇరవై పేజీలు. పాప నిద్ర ఆగక పుస్తకం మీదే తల వాలిస్తే ఆ రోజుకు అక్కడితో సరి.

రెండో వారం చివర్లో శిక్షకుడు, ఏనుగులాంటి భారీ మనిషి, అందరినీ ఒక లిఫ్టు ముందు నిలబెట్టాడు. ఇది మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఒక్కోసారి ఆగిపోతోంది, ఎందుకో కనిపెట్టండి అన్నాడు. అందరూ కంప్యూటర్లు తగిలించి అంకెలు చూడటం మొదలుపెట్టారు. మెకానిక్ కూడా చూశాడు. తలుపు తాళం దగ్గర కరెంటు తెగుతోందని అంకెలు చెప్తున్నాయి, ఏ తలుపో చెప్పడం లేదు. అతను లిఫ్టులోకి వెళ్లి, గోడకు చెవి ఆనించి, పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగాడు. మూడో అంతస్తు దాటుతున్నప్పుడు గోళ్లతో గీరినంత చిన్న చప్పుడు. దిగి మూడో అంతస్తు తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కింది సందులో చిటికెన వేలు పెట్టి చూశాడు. ఒక పక్క వేలు దూరింది, ఇంకో పక్క దూరలేదు. తలుపు ఒకవైపు కుంగింది. లిఫ్టు దాటినప్పుడల్లా దాని తాళానికి ఒరుసుకుంటోంది, అప్పుడే కరెంటు తెగుతోంది.

కళ్లజోడు ఇంజనీరు ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే శిక్షకుడు గడియారం చూసుకున్నాడు. దీనికి నేను రెండు గంటలు ఇద్దామనుకున్నాను అన్నాడట. ఇరవై నిమిషాలే అయింది. అప్పుడే పిల్లల గదిలోంచి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న పాపకు ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు గానీ, అందరూ తన తండ్రి వేలు దూరిన సందులోకి ఒకరి తర్వాత ఒకరు వంగి చూడటం అర్థమైంది. పక్కనున్నావిడతో, ఆయన మా నాన్న అంది. కాసేపటికి ఇంకో పక్కనున్న ఆయనకూ అదే చెప్పింది.

మూడో వారం చివరి రోజున అందరికీ పత్రాలిచ్చారు. ఒక్కొక్కరూ రెండు మాటలు మాట్లాడాలన్నారు. మెకానిక్ వంతు వచ్చినప్పుడు అతను కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, తనకు వచ్చిన భాషలోనే మెల్లగా మూడు ముక్కలు చెప్పాడు.

"నాకు చదువు తక్కువ. అయినా ఓపిగ్గా నేర్పారు. పాపను కూడా రానిచ్చినందుకు రుణపడి ఉంటాను."

పాప గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. మూడు ముక్కలకు ఇంతసేపు పడుతుందా అని మెకానిక్ ఆశ్చర్యపోయాడు. మధ్యలో అందరూ నిశ్శబ్దంగా విన్నారు, చివర్లో ఒక్కసారిగా నవ్వారు, తర్వాత లేచి చప్పట్లు కొట్టారు. ఏనుగులాంటి శిక్షకుడు వచ్చి ముందు పాపకు, తర్వాత అతనికి చెయ్యి ఇచ్చాడు. ఎందుకు నవ్వారో, ఎందుకు లేచారో తెలియకుండానే మెకానిక్ కూడా నవ్వుతూ నిలబడ్డాడు.

బసకు వెళ్లే బస్సులో కళ్లజోడు ఇంజనీరు అతని పక్కన కూర్చుని, మీ అమ్మాయి ఏం చెప్పిందో తెలుసా అన్నాడు. తెలియదన్నాడు.

"నేర్పినందుకు థాంక్స్ చెప్పింది. తనను రానిచ్చినందుకు చెప్పింది. ఆ తర్వాత, మా నాన్న రోజుకు ఇరవై పేజీల చొప్పున ఈ పుస్తకమంతా చదివాడు, నేను నిద్రపోయిన రోజు తప్ప, అంది. ఇక వంట ఒక్కటే నేర్చుకోవాలి అంది. అందుకే నవ్వారు. కానీ మీరన్న మొదటి ముక్క మాత్రం అసలు చెప్పలేదు."

ముందు సీట్లో పాప అద్దం మీద ఊపిరి ఊది బొమ్మలు గీస్తోంది. మెకానిక్ ముందుకు వంగాడు.

"నాకు చదువు తక్కువ అన్నది ఎందుకు చెప్పలేదే?"

"అది నిజం కాదుగా నాన్నా" అంది పాప, బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా.

మెకానిక్ వెనక్కి వాలి కూర్చున్నాడు. ఇంజనీరు ఇంకేదో చెప్తున్నాడు, ఊరికి వెళ్లాక మెకానిక్కులందరికీ ఇతనే నేర్పాలని మేనేజరు రాశాడని. ఆ మాట అతని చెవిన పడింది గానీ తలకెక్కలేదు.

"వంట సంగతి మాత్రం నిజమే" అంది ముందు సీట్లోంచి గుమాస్తా.